ఆ కుళాయి తాగే నీళ్ళది

ఇవాళ పొద్దున కెనడాలోని సస్కచెవాన్‌లో ఓ చిన్న ఊరి క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక పెద్దమనిషి తన ఆర్వీ (పడకలు, వంటిల్లు, టాయిలెట్ ఉన్న బండి) మురుగు గొట్టాన్ని తీసుకెళ్ళి తాగేనీటి కుళాయికి ఆనించి కడిగాడు. నాలుగడుగుల అవతల గొట్టాలు కడుక్కోవడానికే వేరే కుళాయి ఉంది. దాని మీద తాగరాదని ఎర్ర అక్షరాల బోర్డు కూడా ఉంది. అదేంటండీ అంటే, "నీళ్ళు నీళ్ళే కదండీ, ఇందులో ఫోర్స్ బాగుంది" అన్నాడు. తెలుగులోనే అన్నాడు! ఆయన బండి కదిలిందో లేదో, ఒక ముసలావిడ అదే కుళాయి కింద నీళ్ళ డబ్బా పెట్టబోతే ఆపాల్సొచ్చింది. అందుకే ఈ పోస్టు మనవాళ్ళ కోసమే రాస్తున్నా. రెజైనా, సస్కటూన్, విన్నిపెగ్, కాల్గరీల నుంచి వేసవి రాగానే ట్రెయిలర్ అద్దెకు తీసుకుని బయల్దేరే ప్రతి తెలుగు కుటుంబమూ చదవాలి.

మురుగు గొట్టం లోపల ఉన్నది మనుషుల మలం. అది కుళాయి మూతికి తగిలితే తర్వాత నీళ్ళు పట్టుకునేవాళ్ళ కడుపులోకే పోతుంది. దీనికి చదువు అక్కర్లేదు, ఇంగితం చాలు. తాగే నీళ్ళ గొట్టం తెల్లగానో నీలంగానో ఉంటుంది. దాన్ని విడిగా, మూతలు బిగించి, వేరే పెట్టెలో పెట్టాలి. మురుగు గొట్టం కడిగే గొట్టం వేరు, దాని పెట్టె వేరు. గ్లవ్స్ తీసేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తాగేనీటి కుళాయి ముట్టుకోవాలి. మీ ముందు వచ్చినవాడు ఏం చేసి పోయాడో తెలియదు కాబట్టి, నీళ్ళు పట్టుకునే ముందు కుళాయి మూతిని బ్లీచ్ కలిపిన నీళ్ళతో తుడిచి, కొన్ని నిమిషాలు ఆగి, కాసేపు ధారగా వదిలేసి, ఆ తర్వాత గొట్టం తగిలించండి.

ఇక బండిలోని మురుగు ట్యాంకులు ఖాళీ చేసే పద్ధతి. ఆదివారం పదకొండు గంటలకు డంప్ స్టేషన్ (ఆ మురుగు వదిలే చోటు) దగ్గర అరడజను బండ్లు వరసలో ఉంటే, ముందున్నాయన యూట్యూబ్ తెరిచి నేర్చుకోవడం మొదలుపెడతాడు. పద్ధతి తెలిస్తే ఇది పదిహేను నిమిషాల పని. ముందు గొట్టాన్ని బండికి బిగించి, గట్టిగా తిప్పి, నాలుగు కొక్కేలూ పట్టాయో లేదో చూడాలి. రెండో కొస గోతిలో దించి దానిమీద బరువు పెట్టాలి. టాయిలెట్ మురుగుండే బ్లాక్ ట్యాంక్ ముందు తెరవాలి. చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి, మూసి, అప్పుడు స్నానం, సింకు నీళ్ళుండే గ్రే ట్యాంక్ తెరవాలి. ఆ సబ్బునీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయి. వరస తిరగేస్తే మలం గొట్టంలోనే మిగిలిపోతుంది. అన్నీ మూశాక టాయిలెట్‌లోంచి ఎనిమిది పది లీటర్ల నీళ్ళు బ్లాక్ ట్యాంక్‌లోకి పోసి ఉంచండి. అడుగు తడిగా లేకపోతే తర్వాత పడ్డదంతా అంటుకుపోతుంది.

సైట్‌లో, అంటే మీ బండి నిలుపుకునే చోట, మురుగు కనెక్షన్ ఉంటే బ్లాక్ వాల్వ్ తెరిచి వదిలేసే మహానుభావులున్నారు. నీళ్ళు జారిపోతాయి, గట్టిది గుట్టగా పేరుకుని ఎండిపోతుంది. అద్దె బండి కదా, మనకేం అనుకుంటారు. తర్వాత ఎక్కే కుటుంబం ఆ కంపులో పడుకోవాలి. మూడింట రెండు వంతులైనా నిండాక ఒక్కసారిగా వదిలితేనే ఆ వేగానికి అడుగున ఉన్నది కొట్టుకుపోతుంది. వెట్ వైప్స్ మీద ఏం రాసి ఉన్నా సరే, టాయిలెట్‌లో వేయకండి.

ఆ మురుగు ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? చాలా చిన్న ఊళ్ళకు నగరాల్లో ఉన్నట్టు పెద్ద శుద్ధి ప్లాంటు ఉండదు. ఊరి బయట ఒక మురుగు చెరువు ఉంటుంది. అందులో బాక్టీరియానే పని చేస్తుంది. మీరు వాసన రాకుండా పోసే ఫార్మాల్డిహైడ్ మందు ఆ బాక్టీరియాను చంపుతుంది. ఎంజైమ్ రకం దుకాణంలో పక్కనే దొరుకుతుంది, అదే కొనండి.

గ్రే ట్యాంక్ సంగతి మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. పోపు గింజలు, కరివేపాకు రెబ్బలు, అన్నం మెతుకులు, నెయ్యి, నూనె అన్నీ సింకులోకే. ఆవగింజలు వాల్వ్ పలక అంచులో ఇరుక్కుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. పైకి మూసినట్టే కనిపిస్తుంది, లోపల బొట్టుబొట్టుగా కారి మూత వెనక నిండుతుంది. తర్వాతివాడు మూత తిప్పగానే కాళ్ళ మీద పడుతుంది. మెతుకులు రెండు రోజుల ఎండకు పులిసి బండంతా కంపు. నూనె సెన్సర్లకు పూత పట్టి, ట్యాంక్ ఖాళీగా ఉన్నా నిండినట్టు చూపిస్తాయి. మందు సులువైనదే. గిన్నెల్ని ముందు టిష్యూతో తుడిచి చెత్తబుట్టలో వేయండి. సింకులో సన్న జాలీ పెట్టండి. తాగేనీటి కుళాయి కింద కూర గిన్నెలు తోమకండి, దండం పెడతాను! ఆ మెతుకులకు రాత్రికి స్కంకులు, రకూన్లు వస్తాయి. పొద్దున శుభ్రం చేసేది ఊరివాళ్ళు.

కరెంటు విషయానికొస్తే, లెక్క ఒక్కటే. 30 ఆంపుల సైట్ అంటే 120 వోల్టుల దగ్గర 3600 వాట్లు. పైకప్పు ఏసీ ఒక్కటే 1500 దాకా తింటుంది. నీళ్ళ హీటర్‌ను కరెంటు మీద పెడితే మరో 1400. దానిపైన ఇండక్షన్ స్టవ్ 1800. బ్రేకర్ పడక ఏం చేస్తుంది? హీటర్‌నూ ఫ్రిజ్‌నూ గ్యాస్ మీదకి మార్చి, బిర్యానీ గ్యాస్ పొయ్యి మీద వండితే ఏ గొడవా లేదు. అలా చేయకుండా పక్క ఖాళీ సైట్ స్తంభానికి 16 గేజ్ సన్నపు ఎక్స్‌టెన్షన్ తీగ లాగుతారు. అది కరిగాక క్యాంప్‌గ్రౌండ్ వైరింగ్ బాగోలేదని రివ్యూలో ఒక్క స్టార్ ఇస్తారు. పాత వైరింగున్న చోట ఎండాకాలం సాయంత్రాలు అందరి ఏసీలూ తిరుగుతుంటే వోల్టేజి పడిపోతుంది. 105కి దిగువన ఏసీ నడిపితే కంప్రెసర్ కాలిపోతుంది, మీదీ పక్కవాడిదీ. వోల్టేజి చూపించే సర్జ్ ప్రొటెక్టర్ కొనుక్కోండి. బ్రేకర్ ఆపి ప్లగ్ పెట్టి, ఆ తర్వాత బ్రేకర్ వేయండి.

అసలు ఆ స్తంభం, ఆ కుళాయి అక్కడ ఎలా ఉన్నాయి? చాలా చోట్ల ఊరి లయన్స్ క్లబ్ వాళ్ళో, వ్యవసాయం మానేసిన పెద్దవాళ్ళో సాయంత్రాలు గడ్డి కోసి, బల్లలకు రంగులేసి నడుపుతున్నారు. కాపలా ఉండదు. ఇనుప పెట్టె, కవర్లు, పెన్సిలు ఉంటాయి. మీరే పేరు, బండి నంబరు రాసి డబ్బు కవర్లో పెట్టి వేయాలి. ముప్పై నలభై డాలర్లు. రాత్రి పదకొండుకు చీకట్లో దూరి, పొద్దున ఆరుకే ట్యాంక్ ఖాళీ చేసుకుని కవర్ వేయకుండా జారుకునేవాళ్ళకు ఏమనాలి? నగదు లేదంటారు. బయల్దేరే ముందు ఐదులూ పదులూ ఇరవైలూ కలిపి ఒక డబ్బాలో వేసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? నమ్మి తాళం వేయని చోట దొంగతనం చేయడం మామూలు దొంగతనం కంటే హీనం.

పోనీ ఊళ్ళో ఏమైనా కొంటారా అంటే అదీ లేదు. రెండు వారాల సరుకు నగరం నుంచే కాస్ట్‌కోలో కొని ట్రెయిలర్ వెనక పడకల కింద కుక్కుతారు. బియ్యం మూటలు, నీళ్ళ కేసులు, ఐసు పెట్టెలు అన్నీ ఇరుసుల వెనకే. ఇది ప్రాణం తీసే తప్పు. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే ఆ పట్టు పోతుంది. ఒకటో నంబర్ హైవే మీద పక్కగాలి కొట్టినా, పెద్ద ట్రక్కు దాటేసినా తోక ఊగడం మొదలవుతుంది. అప్పుడు కారు బ్రేకు తొక్కితే ఊపు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, ట్రెయిలర్ బ్రేక్ మీటను మాత్రమే చేత్తో మెల్లగా నొక్కాలి. చాలా ట్రెయిలర్ టైర్లు 105 కిలోమీటర్ల వేగానికే తయారైనవి. 110 బోర్డు చూసి 120లో లాగేవాళ్ళు టైరు గోడ మీద రాసింది ఒకసారి చదవండి. బరువు సామాన్లు ఇరుసులకు కాస్త ముందు, కింద పెట్టండి. పాలు, గుడ్లు, కూరగాయలు, ఐసు దారిలో ఊరి కో-ఆప్‌లో (సహకార కొట్టులో) కొనండి. బరువూ తగ్గుతుంది, ఆ కొట్టూ బతుకుతుంది. ఆదివారాలు, సాయంత్రాలు తొందరగా మూసేస్తారు, వేళ చూసుకుని వెళ్ళండి.

"ఆ ఊళ్ళలో ఏముంటుందండీ, ట్యాంక్ ఖాళీ చేసుకుని పోవడమేగా" అనే మాట ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు మండుతుంది. మానిటో బీచ్‌లో 1928లో కట్టిన డాన్స్‌ల్యాండ్ అనే నాట్యశాల ఉంది, గుర్రపు వెంట్రుకల పరుపు మీద పరిచిన చెక్క నేలతో. దాని పక్కనే ఉన్న లిటిల్ మానిటో సరస్సులో ఉప్పు వల్ల మునుగుదామన్నా మునగరు. లాస్ట్ మౌంటెన్ సరస్సు ఉత్తర కొసన 1887లో పెట్టిన పక్షి సంరక్షణ కేంద్రం ఉంది. ఉత్తర అమెరికా ఖండంలో ప్రభుత్వం పెట్టిన మొట్టమొదటిది అదే. 1967లో పూర్తయిన గార్డినర్ మట్టి ఆనకట్ట వెనక డీఫెన్‌బేకర్ సరస్సు 225 కిలోమీటర్ల పొడవు. ఫోర్ట్ కపెల్‌లో 1874లో ఇక్కడి ఆదివాసులతో నాలుగో ఒప్పందం (ట్రీటీ 4) మీద సంతకాలు జరిగాయి. మీరు టెంటు వేసిన నేల ఎవరిదో తెలుసుకోవాలంటే అక్కడ ఆగండి. మానిటోబా వైపు ఇంగ్లిస్‌లో ఐదు పాత ధాన్యపు ఎలివేటర్లు (ఎత్తైన చెక్క గాదెలు) ఇంకా వరసగా నిలబడి ఉన్నాయి. మిగతా ఊళ్ళలో వందలకొద్దీ కూల్చేశారు. మన వంటింట్లో మైసూరు పప్పు చూస్తుంటాం కదా, కెనడాలో పండే దాంట్లో అత్యధిక భాగం ఈ సస్కచెవాన్ చేలదే. ఆ పప్పు తింటూ ఆ రైతు ఊళ్ళో ఏముందని అడగడానికి నోరెలా వస్తుంది?

రైతు అంటే గుర్తొచ్చింది, ఆ కనోలా (నూనెగింజల పంట) చేలలో రీల్స్! జులైలో పసుపుపచ్చగా పూస్తే చాలు, రోడ్డు పక్కన మోటార్‌హోమ్ ఆపి, చీరలు కట్టుకుని, పిల్లల్ని భుజాలకెత్తుకుని చేను మధ్యకు నడిచిపోతారు. కంకి తీసిన వరి మడిలోకి ఎవడో కొత్తవాడు చెప్పులతో దిగితే గట్టు మీద నుంచి మన తాత ఏమని తిట్టేవాడు? ఇక్కడి రైతు అరవకుండా మర్యాదగా చెప్తున్నాడు కాబట్టి ఫరవాలేదనుకుంటున్నారు. తొక్కిన మొక్కల నష్టం చిన్నది. అసలు భయం క్లబ్‌రూట్. మట్టిలో ఉండే ఈ తెగులు వేళ్ళను బుడిపెలు కట్టించి మొక్కను ఎండగొడుతుంది. 2003లో ఆల్బర్టా కనోలాలో బయటపడింది. దాని బీజాలు ఏళ్ళ తరబడి నేలలో బతుకుతాయి, బూట్లకూ టైర్లకూ అంటిన మట్టితోనే ఒక చేను నుంచి ఇంకో చేనుకు చేరతాయి. ఎడ్మంటన్ దగ్గర ఒక చేలో, రోస్‌టౌన్ దగ్గర ఇంకో చేలో అవే బూట్లతో ఫోటో దిగేవాళ్ళు ఏం మోసుకొస్తున్నారో వాళ్ళకే తెలియదు. పైగా సస్కచెవాన్‌లో 2022 జనవరి 1 నుంచి, కంచె ఉన్నా లేకపోయినా, పొలంలో అడుగు పెట్టాలంటే ముందుగా యజమాని అనుమతి తీసుకోవాలి. ఫోటో కావాలంటే రోడ్డు మీద నిలబడి తీసుకోండి, పూలు అక్కడికీ కనిపిస్తాయి. వాన పడ్డాక మట్టి గ్రిడ్ రోడ్ల మీదకి అసలు దిగకండి. ఆ బంకమట్టి చక్రాల మధ్య సిమెంటులా పట్టేసి బండి కూరుకుపోతే, ట్రాక్టరేసుకుని వచ్చి లాగేది కూడా ఆ రైతే.

ఎప్పటినుంచో లోపల పెట్టుకున్న మాట కూడా ఇప్పుడు అనేస్తున్నా. సరస్సు ఒడ్డు సైట్లు. బుకింగ్ తెరిచిన రోజు పొద్దున్నే నలుగురు నాలుగు ఫోన్లలో కూర్చుని ఐదారు సైట్లు పట్టేస్తారు. తీరా ఆ శుక్రవారం ఒకటో రెండో కుటుంబాలు వస్తాయి. మిగతా సైట్లు ఖాళీగా ఉంటాయి, చీటీ మాత్రం స్తంభానికి వేలాడుతుంటుంది. అవతల పిల్లలతో వచ్చిన వాళ్ళు గేటు దగ్గర సైట్ లేదనిపించుకుని వెనక్కి తిరుగుతారు. రద్దు చేస్తే కొన్ని డాలర్లు పోతాయని చేయరు. వచ్చినవాళ్ళు ఖాళీ సైట్లో క్రికెట్ ఆడతారు, రాత్రి పదకొండు దాటాక కూడా బ్లూటూత్ స్పీకర్ ఆపరు.

అక్కడితో ఆగుతారా? గిన్నెలు సరస్సులో కడుగుతారు. కపెల్ లోయ సరస్సుల్లో వేసవి చివరికి నీలి ఆకుపచ్చ నాచు ఎలా కమ్ముతుందో చూసినవాళ్ళెవరూ ఒక్క చుక్క సబ్బునీళ్ళు అందులో వదలరు. కడిగిన నీళ్ళు గ్రే ట్యాంక్‌లోకే పోవాలి. ఎల్మ్ కట్టెలు వెంట తేకండి. సస్కచెవాన్‌లో ఎల్మ్ కట్టెలు రవాణా చేయడమే చట్టవిరుద్ధం, ఎందుకంటే బెరడు కింది పురుగు డచ్ ఎల్మ్ తెగులును మోస్తుంది. ఈ ఊళ్ళ వీధులకు నీడనిచ్చేవి చాలాచోట్ల ఆ చెట్లే. కట్టెలు క్యాంప్‌గ్రౌండ్ గేటు దగ్గరే కొనండి. మానిటోబాలోని రైడింగ్ మౌంటెన్ పార్కులో ఉన్న క్లియర్ లేక్‌లో 2023లో జీబ్రా మసెల్స్ (సరస్సుల్ని పాడుచేసే చిన్న ఆల్చిప్పలు) దొరికాయి. వాటి పిల్లలు కంటికి కనపడవు, గాలి పడవ మడతల్లో మిగిలిన చారెడు నీళ్ళు చాలు ఇంకో సరస్సుకు చేరడానికి. ఒక సరస్సు నుంచి తీసిన ప్యాడిల్ బోర్డు, కయాక్, లైఫ్ జాకెట్ అన్నీ నాచు తుడిచి, నీళ్ళు వంపి, పూర్తిగా ఆరబెట్టాకే రెండో సరస్సులో దించండి. పడవ ఉంటే అడుగు ప్లగ్ ఊడదీసి రోడ్డెక్కించాలి, అది ఇక్కడి చట్టం.

ఈ లాంగ్ వీకెండ్‌కి సైట్లు పట్టి ఉంచి, వెళ్ళే ఉద్దేశం లేనివాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారని నాకు తెలుసు. ఫోన్ తీసి ఈ రాత్రికే రద్దు చేయండి.