కుండలినీ దేవి గారికి బహిరంగ లేఖ: దయచేసి లేవకండి

శ్రీ కుండలినీ దేవి గారికి,
మూలాధారం, వెన్నెముక అడుగున.

అమ్మా, నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, మోకాళ్లు తప్ప. మీరు మనిషి లోపలి శక్తి అనీ, పాములా మూడున్నర చుట్లు చుట్టుకుని హాయిగా నిద్రపోతున్నారనీ పెద్దలు రాశారు. ఆ నిద్ర చెడగొట్టడానికి ఇక్కడ భారీ ఏర్పాట్లే జరుగుతున్నాయి. ముందుగా మీ చెవిన వేద్దామని ఈ ఉత్తరం.

మా యోగా క్లాసులో శని, ఆదివారాల్లో మిమ్మల్ని లేపి, వెన్ను వెంట ఉన్న ఆరు చక్రాలూ దాటించి, నడినెత్తిన వెయ్యి రేకుల సహస్రారంలో దించుతారట. మధ్యలో భోజన విరామం ఉంది. ఆరోదైన ఆజ్ఞా చక్రం మాత్రం అడ్వాన్స్‌డ్ కోర్సులోకి వస్తుంది, ఫీజు వేరే. సాధన దీర్ఘకాలం, ఎడతెగకుండా, శ్రద్ధగా చేయాలన్నారు యోగసూత్రాలు రాసిన పతంజలి. పాపం, ఆయన కాలంలో వీకెండ్ లేదు. యోగసూత్రాల్లో మీ పేరైనా ఎత్తలేదు. ఆసనాలకు మూడే సూత్రాలు ఇచ్చారు, అందులోనూ మొదటిది స్థిరంగా, సుఖంగా ఉండమనే.

మొన్న క్లాసులో గురువుగారు కళ్లు మూసుకునే అడిగారు: "వెన్నులో వేడి పైకి పాకుతోందా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు వరుసలో ఒకాయన "పాకుతోందండీ" అన్నాడు. ఇక చూడండి, రెండో వరుసకి, మూడో వరుసకి వేడి అంటుకుపోయింది. నా పక్కనున్నావిడ కాలు తిమ్మిరెక్కి పళ్లు బిగబట్టి కూర్చుంది. ఆవిడా తలూపింది. అంత ఫీజు కట్టాక ఏమీ పాకలేదంటే ఏం బాగుంటుంది?

15వ శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక ఈ విద్యను దాచుకోమంటుంది. దాస్తే బలం, బయటపెడితే నిస్సారమట. యోగాన్ని చెడగొట్టేవి ఆరని కూడా చెప్పింది: అతిగా తినడం, అతిగా శ్రమపడటం, వాగుడు, నియమాల మీద మొండిపట్టు, జనసాంగత్యం, నిలకడ లేకపోవడం. మా వాట్సాప్ గ్రూపులో ఆరూ దొరుకుతాయి, వాగుడు కాస్త ఎక్కువ పాళ్లలో. తెల్లారకముందే ఒకాయన "మౌనంలో ఉన్నాను" అని మెసేజ్ పెడతాడు. దానికి వరసగా దండాలు. మౌనం ఎంత గొప్పదో తొమ్మిదింటిదాకా చర్చ. ఇంకొకాయన "నాలో నేను అన్నది పూర్తిగా పోయింది" అని సెల్ఫీతో స్టేటస్ పెట్టాడు. సాయంత్రానికి, ఎవరెవరు ఇంకా చూడలేదో పేర్లు పెట్టి మరీ అడిగాడు.

ఎన్నడూ ఒక్క ముక్క రాయని ఒకావిడ ఉండేది. వచ్చేది, కూర్చునేది, వెళ్లిపోయేది. యాక్టివ్‌గా లేదని గ్రూపులోంచి తీసేశారు.

పొరపాటున మెలకువ వచ్చి పైకి వచ్చారే అనుకోండి, అక్కడ వెయ్యి రేకుల్లో ఒక్కటీ ఖాళీ లేదు. వచ్చే రిట్రీట్‌కి అడ్వాన్సు, శీర్షాసనం ఫొటో ఎవరు తీస్తారు, పక్కవాడికి నాకన్నా ముందు ఎందుకు పాకింది... అన్నీ అక్కడే పరుచుకుని ఉన్నాయి. అటు తిరిగి పడుకోండి తల్లీ.

వచ్చే శనివారం పొద్దున మాత్రం కాస్త గోల ఉంటుంది, మైకు పెడుతున్నారు. ఏమీ అనుకోకండి.

ఇట్లు,
నిద్ర విలువ తెలిసిన ఒక సాధకుడు