మాగ్నమ్ దొరగారికి, తమరి పథ్యం గురించి

శ్రీయుత .357 మాగ్నమ్ రివాల్వర్ గారి దివ్యసముఖానికి,

రీలోడింగ్ బల్ల దగ్గర, అంటే పేల్చిన తూటాల ఖాళీ గొట్టాల్లో (కేసుల్లో) మళ్లీ మందుగుండూ బుల్లెట్టూ కూర్చే బల్ల దగ్గర, కూర్చునేవాళ్లం రాసుకుంటున్న విన్నపం.

తమరు అవతరించింది 1935లో, అమెరికా జనం మాంద్యంలో చిల్లర లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో. అయినా స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ తమరికి 60 డాలర్ల వెల కట్టింది. పైగా కొన్నవాడి పేరున రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒకటి. మొట్టమొదటిది ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గార్ హూవర్‌కి కానుకగా వెళ్లింది. తర్వాత జనరల్ అయిన ప్యాటన్ అదే ఏడాది ఒకటి కొని దంతపు పిడి పెట్టించుకున్నాడు.

అంతటి తమరిని ఇవాళ కొనుక్కున్నవాళ్లు ఒక్క పెట్టె తూటాలు కాల్చి, మణికట్టు నొక్కుకుంటూ అడిగేది ఒకటే: "దీన్ని కాస్త మెత్తగా పేల్చే దారేమన్నా ఉందా?" ఉంది. తమరికి పథ్యం పెట్టాలి. తమరికి విందు వండటం కన్నా పథ్యం వండటమే కష్టం, అదే మా మొర.

ముందు లెక్క చూడండి. తమరి మామూలు ఫుల్ లోడు (నిండు మోతాదు తూటా) అంటే 158 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు) బుల్లెట్టు, సెకనుకి 1250 అడుగుల చొప్పున. మేం కూర్చేది 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ (ముక్కు చదునుగా ఉండే టార్గెట్ బుల్లెట్టు), సెకనుకి 750 అడుగులు. బరువుని వేగంతో హెచ్చవేస్తే ఇది దాంట్లో సగానికి కాస్త పైన. కానీ చేతిని తన్నే శక్తి ఆ నిష్పత్తి వర్గం ప్రకారం తగ్గుతుంది కనుక, మూడో వంతు కూడా మిగలదు. కాలే మందు బరువు కూడా తక్కువే కాబట్టి అసలు తన్ను ఇంకా తగ్గుతుంది. ఉక్కు ఫ్రేమున్న తమరి ఒంటి బరువు మిగతాది మింగేస్తుంది. కీళ్లనొప్పుల తాతగారు కూడా సాయంత్రం దాకా కాల్చుకోవచ్చు.

"దానికింత హడావుడి ఎందుకు, ఫుల్ లోడులో మందు సగం చేస్తే పోలా?" అంటాడు కొత్తగా చేరినవాడు. పోతుంది, బ్యారెలే పోతుంది. తమరికి ఇష్టమైన హెచ్-110, విన్‌చెస్టర్ 296 (డబ్బాలు రెండు, మందు ఒకటే) నెమ్మదిగా కాలే రకం. కేస్ నిండుగా ఉండి, ఒత్తిడి గట్టిగా పెరిగితేనే అది సరిగా అంటుకుంటుంది. మాన్యువల్ (మందు తూకాల పుస్తకం) చెప్పిన తూకం కన్నా 3 శాతం మించి తగ్గించొద్దని దాన్ని అమ్మే కంపెనీయే హెచ్చరిస్తుంది. సగం చేశారా, అది సగం కాలి ఊరుకోవచ్చు. బుల్లెట్టు బ్యారెల్ మధ్యలో బైఠాయించవచ్చు.

అందుకని త్వరగా కాలే బుల్స్ఐ, హెచ్‌పీ-38 లాంటి మందులకి పోతాం. అక్కడ తమరి రెండో చిక్కు మొదలు. తమరికన్నా పాతదీ మెత్తనిదీ అయిన .38 స్పెషల్ తూటా కేస్‌లో 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ వెనక 2.7 గ్రెయిన్ల బుల్స్ఐ అన్నది టార్గెట్ షూటర్ల పాత కొలత. (మా నోటిమాట నమ్మి మందు తూచేవాళ్లు ముందు తాజా మాన్యువల్ తెరవాలి.) 2.7 గ్రెయిన్లంటే 175 మిల్లీగ్రాములు. కేస్ అడుగున పలచగా పరుచుకుంటుంది. దాని మీద పొరపాటున ఇంకోసారి పోస్తే తుపాకీకే ప్రమాదం, అయినా పొంగి పట్టివ్వదు. మూడోసారి పోసినా పొంగదు. పోనీ తయారైన తూటాని తూచి కనిపెడదామంటే, రకరకాల కంపెనీల కేసులు కలిసినప్పుడు వాటి బరువుల తేడాలోనే ఆ 2.7 గ్రెయిన్లు దాక్కుంటాయి.

కాబట్టి పట్టుకోవాల్సింది బుల్లెట్టు కూర్చక ముందే. 50 గుంటల చెక్కలో కేసులన్నీ నిలబెట్టి, మందు పోసి, టార్చి పట్టి వరసగా లోపలికి చూడాలి. ఒకదాంట్లో మట్టం ఎక్కువగా కనిపించినా, ఒకటి ఖాళీగా కనిపించినా ఆ కేస్ పక్కకి. ఈ చూపు తప్పించగల యంత్రం ఇంతవరకూ మాకు తగల్లేదు. ఫోన్ మోగితే మోగనివ్వాలి.

దొరగారూ, తమరి కడుపు మరీ పెద్దది కావడమూ ఒక చిక్కే. గుప్పెడు ఖాళీలో చిటికెడు మందు ఒకచోట ఉండదు. తుపాకీ ముక్కు కిందకి వంచి ఎత్తితే మందు బుల్లెట్టు వైపు జారుతుంది, పైకెత్తి దించితే కేస్ అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ వైపు చేరుతుంది. వేగం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. దీనికి విరుగుడుగా ట్రెయిల్ బాస్ అనే మందు వచ్చింది. చిన్న చిన్న గారెల్లా నడుమ చిల్లులుండి, తక్కువ బరువుకే కేస్ నింపేది. నొక్కి కూరకూడదు, అదొక్కటే షరతు. అంత పనికొచ్చేదే, కానీ దుకాణాల్లో దొరకడం గగనమైంది.

సరే, .38 స్పెషల్ కేసులే వాడదామా? వాటి పొడవు 1.155 అంగుళాలు, తమరిది 1.290. తమరి ఘాటైన తూటా పాత .38 రివాల్వర్లలో దూరకూడదని కావాలనే అలా పెంచారు. .38కి గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, తమరికి 35,000. ఆ జాగ్రత్త మంచిదే. కానీ పొట్టి కేసులు తెగ కాలిస్తే, ఆ 0.135 అంగుళాల మేర చాంబర్‌లో (సిలిండర్‌లో తూటా కూర్చునే గదిలో) మసీ సీసమూ కలిసి ఉంగరంలా గట్టిపడతాయి. ఆ తర్వాత మాగ్నమ్ కేస్ వేస్తే లోపలికి పోనని మొరాయిస్తుంది. బలవంతంగా తోస్తే మూతి విచ్చుకునే చోటుండక ఒత్తిడి పెరుగుతుంది. కంచు బ్రష్షుతో చాంబర్లు తోమాలి, లేదా మెత్తటి లోడు కూడా మాగ్నమ్ కేస్‌లోనే, దానికని మాన్యువల్‌లో ఇచ్చిన తూకంతో కూర్చాలి. మేం రెండోదే మేలంటాం.

బుల్లెట్ల దగ్గరా తమరికి గీర ఎక్కువ. రాగి తొడుగున్న బుల్లెట్టు ఈ కొద్దిపాటి ఒత్తిడికి బ్యారెల్‌లో ఇరుక్కోవచ్చు. మెత్తటి సీసమే వాడాలి. అదీ సిలిండర్ గొంతుకి సరిపోయేలా, సాధారణంగా 0.358 అంగుళాలు. సన్నగా ఉంటే పక్కనుంచి వాయువు కోసుకుపోయి బ్యారెల్ నిండా సీసం పూస్తుంది. అడుగు బోలుగా ఉన్న వాడ్‌కట్టర్‌ని మోజుపడి వేగంగా తోలితే దాని అంచు చిరిగిపోతుంది. బుల్లెట్టు దిగడానికి కేస్ మూతి వెడల్పు చేసేటప్పుడు సీసం గీరుకోనంత విప్పితే చాలు. ప్రతిసారీ గంటలా విప్పితే మూతి పగులుతుంది. చివరి క్రింప్ (కేస్ మూతిని బుల్లెట్టు చుట్టూ నొక్కి బిగించడం) మాత్రం మానకూడదు. తన్ను తక్కువైనా మందు నిలకడగా అంటుకోవడానికి ఆ పట్టు కావాలి.

"ఢాం" అనాల్సింది "టప్" అన్నదా, ఇక ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. ముక్కు లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగి, ఖాళీ చేసి, బ్యారెల్‌లోకి కడ్డీ దించి చూడాలి. మందు లేకున్నా ఒక్క ప్రైమర్ చాలు, బుల్లెట్టుని బ్యారెల్ మొదట్లోకి నెట్టడానికి. దాని వెనక ఇంకోటి వెళ్లిందంటే తమరి నడుం ఉబ్బుతుంది.

ఇదంతా అమెరికా గ్యారేజీల ముచ్చట. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. బావగారు డల్లాస్ నుంచి వీడియో పంపాడని ఇక్కడ బల్ల వేసేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

ఇక తమరి సహకారం కావాల్సింది ఒక్కచోట. మెత్తటిదీ ఘాటుదీ ఒకే కేస్‌లో కూర్చి, ఒకే ఆకారం బుల్లెట్టు పెడితే కంటికి తేడా తెలియదు. అందుకే మెత్తటిదానికి కేస్ మూతితో సమంగా దిగే వాడ్‌కట్టరే పెడుతున్నాం. పెట్టె మీద మందు పేరు, గ్రెయిన్లు, బుల్లెట్టు, ప్రైమర్, తేదీ రాస్తున్నాం. బల్ల మీద ఒకసారికి ఒక్క మందు డబ్బానే ఉంచుతున్నాం.

ఇట్లు,
తమరి వంటవాళ్లు

తా.క.: కొలతపాత్రలో మిగిలిన మందు ఏ డబ్బాదో గుర్తులేకపోతే తిరిగి ఏ డబ్బాలోనూ పోయం. పెరట్లో మట్టి మీద పలచగా చల్లేస్తాం. సీసం పట్టిన చేతులతో బల్ల దగ్గర మిర్చి బజ్జీలు తినడం కూడా మానేశాం, ముందు సబ్బు, తర్వాతే బజ్జీ.