ఆకాశం అంకణం ఎంత?

మా వీధిలో ఒక రూలుంది. తిరుపతి కొర్లగుంటలో ఇల్లు అద్దెకిచ్చే వాళ్ళెవర్నడిగినా ఇదే చెబుతారు. కింద పోర్షన్ 12 వేలు, దాని పైది 10 వేలు, ఆ పైన రేకుల గది అయితే 5 వేలకే ఇస్తాం, కరెంటు బిల్లు వేరే. ఎందుకంటే పైకి పోయేకొద్దీ ఎండ ఎక్కువ, నీళ్ళ ఫోర్సు తక్కువ, గ్యాస్ బండ మోసుకొచ్చే అబ్బాయి మెట్టుమెట్టుకూ మొహం మాడ్చుకుని చివర్లో చేతిలో ఇరవయ్యో ముప్పయ్యో పడితే గానీ కదలడు. ఎత్తు అనేది మా వాళ్ళ దృష్టిలో ఒక లోపం. లోపమున్న సరుకుకు రేటు తగ్గించడం ధర్మం.

మేమింత వెనకబడి ఉన్నామని మొన్న హైదరాబాదు పోయొచ్చేదాకా నాకు తెలీదు.

మా బావమరిది కోకాపేటలో ఫ్లాటు బుక్ చేశాడు. యాభై దాటి అంతస్తులుండే టవర్లో 43వది. అక్కడ పదో అంతస్తు దాటినప్పట్నుంచీ ఒక్కో అంతస్తుకూ చదరపు అడుగుకు 40 రూపాయలు ఎక్కువ. దీన్ని ఫ్లోర్ రైజ్ అంటారు. 33 అంతస్తులు, 3,600 అడుగులు, నలభై రూపాయలు. ఫోన్లో లెక్కేస్తే 47 లక్షల 52 వేలు వచ్చింది. ఇది ఇంటి రేటు కాదు సుమండీ, కేవలం ఎత్తు రేటు. గోడలు, టైల్సు, కారు పార్కింగు, క్లబ్ హౌస్ అన్నీ వేరే. ఇదే లెక్కన అలిపిరి నుంచి 3,550 మెట్లకూ మెట్టుకింత అని ఫ్లోర్ రైజ్ వేసుంటే ఏమయ్యేదో ఆలోచించండి. వద్దులెండి, ఆలోచించకండి, ఎవరైనా వింటే నిజంగానే పెట్టేస్తారు.

నేనిది ఎగతాళికి రాయడం లేదు. అభివృద్ధి అంటే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే వాడు పిలవగానే మామనూ వెంటబెట్టుకుని నారాయణాద్రి రైల్లో లింగంపల్లికి పోయాం. వాడు బంగారుపాళెం పక్కన మూడెకరాల మామిడి తోట అమ్మి అడ్వాన్సు కట్టాడు. ఆ ఏడు తోతాపురికి రేటు లేక గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు మూడు రోజులు నిలబడింది. కాయ కారి ఈగలు ముసిరాయి. నాలుగో రోజు వాడు తోట బేరం పెట్టాడు. కాబట్టి వాణ్ణి తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఆ మూడు రోజులూ ట్రాక్టరు మీద పడుకున్నది నేను కాదు కదా.

సైటు దగ్గర బిల్డింగు లేదు, గుంత ఉంది. పెద్ద గుంత. దాంట్లోంచి ఆరు స్లాబులు పైకొచ్చి ఉన్నాయి, చుట్టూ టవర్ క్రేన్లు, ఒక మూల రేకుల షెడ్లు, షెడ్ల ముందు తీగల మీద కూలీల లుంగీలు. బిల్డింగు మొత్తం మాత్రం సేల్స్ ఆఫీసులో, ఏసీ గదిలో, గాజు పెట్టెలో ఉంది. మనిషెత్తు బొమ్మ. స్విచ్ నొక్కితే అంతస్తులన్నీ వెలుగుతాయి. కింద అగ్గిపుల్ల తలకాయంత మనుషులు ఈత కొలను పక్కన పడుకుని ఉన్నారు, అందరూ తెల్లోళ్ళే. సేల్స్ అమ్మాయి లేజర్ లైటు వేసి మా ఇల్లు చూపించింది. మా వాడు గాజు మీద వేలు పెట్టి ఆ చుక్కను తడిమాడు. తర్వాత మమ్మల్ని బయటికి తీసుకొచ్చి పైకి చూపించాడు.

"బావా, ఆ గద్ద తిరగతా ఉండాది చూడు. సుమారుగా అదే మన హాలు."

చూశాను. గద్ద నిజంగానే హాల్లో తిరుగుతోంది. కిచెన్ వైపు ఒకసారి పోయి వెనక్కొచ్చింది. దాని దగ్గర ఫ్లోర్ రైజ్ ఎవరూ వసూలు చేస్తున్నట్టు లేదు.

మామ అక్కడున్నంతసేపూ ఎవరికీ అక్కరలేని ప్రశ్నలే అడిగాడు.

"పాపా, నీళ్ళు యాడినుంచి వస్తాయి?"

"ఇన్ఫినిటీ పూల్ ఉంది సార్, రూఫ్‌టాప్‌లో."

"అది కాదు పాపా, తాగేదానికి."

ఆ అమ్మాయి ట్యాబ్‌లో వేలితో చాలా పేజీలు తిప్పి, చూసి చెబుతానంది. ఒడియాలు ఎండేసుకునేది ఎక్కడన్నాడు. బాల్కనీలో ఏదీ బయటికి కనపడకూడదట, ఎలివేషన్ పాడవుతుందట. అయితే నిప్పంటుకుంటే జనం వచ్చి నిలబడటానికి మధ్యలో రెఫ్యూజ్ ఏరియా అని ఖాళీ జాగా వదులుతారని బొమ్మలో చూపించింది. మామ మొహం వెలిగిపోయింది. ఎండ బాగా తగుల్తుందా అనడిగాడు.

ఇక లేక్ వ్యూ సంగతి. గండిపేట వైపు తిరిగిన ఫ్లాట్లకు ఇంకో చార్జీ. 1908లో మూసీ ముంచెత్తాక మళ్ళీ అలా జరక్కూడదని నిజాం కట్టించిన చెరువది, 1920లో పూర్తయింది. ఆయన దాన్ని వరదాపడానికి, ఊరికి తాగునీళ్ళివ్వడానికి కట్టించాడు గానీ, కిటికీలోంచి చూసేవాళ్ళ దగ్గర అడుక్కింత అని వసూలు చేయొచ్చన్న ఆలోచన పాపం ఆయనకు తట్టలేదు. మాకూ తట్టలేదు. మా మిద్దె మీద నుంచి ఏడుకొండలు ఊరికే కనపడేవి, పక్కింటాయన నాలుగో ఫ్లోరు లేపేదాకా. ఇప్పుడు ఆయన బట్టలు కనపడుతున్నాయి. ఎలివేషన్ గురించి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

రాత్రి మేనల్లుడి (మా వాడి కొడుకు) అద్దింట్లో కూర్చుని అంకణాల్లో లెక్కేశాం. చదరపు అడుగులు మామకు అర్థం కావు. తిరుపతిలో అంకణమంటే 36 అడుగులు (నెల్లూరోళ్ళు 72 అంటారు, ఆ గొడవ ఇప్పుడొద్దు). 3,600 అడుగులంటే సరిగ్గా నూరంకణాలు, చెవికి ఇంపుగా ఉంది. కానీ అది సూపర్ బిల్టప్. మనం కాలు పెట్టి నడిచే కార్పెట్ ఏరియా 70 అంకణాలే. మిగిలిన 30 అంకణాలూ లిఫ్టు, లాబీ, మెట్లు, ఇంకా మనం ఎప్పటికీ పోని జిమ్ములో మన వాటా. సరే, భూమి ఎంతొస్తుందని అడిగాడు మామ. కాగితాల్లో వెతికితే, విభజించని వాటా అని, 36 గజాలుంది. అంటే 9 అంకణాలు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎకరా అంటే 1,210 అంకణాలు. మూడెకరాలు 3,630. అది పోయి ఇది వచ్చింది. ఈ తొమ్మిదీ ఏ మూలనున్నాయో చూపించమంటే కుదరదు, విభజించని వాటా అంటే అదే, అందరిదీ అన్నిచోట్లా ఉంటుంది, దాదాపు భగవంతుడి లాగా. కానీ మా వాడి దగ్గర సమాధానముంది. అదే కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ (అక్కడి నగరాభివృద్ధి సంస్థ) వేలం వేస్తే ఒక చోట ఎకరా 100.75 కోట్లు పలికింది కదా. భాగిస్తే అంకణం 8 లక్షల 32 వేల పైమాటే. అంత రేటు పెట్టి భూమి కొన్నోడు పైకి కట్టక ఏం చేస్తాడు? పైగా హైదరాబాదులో 2006 నుంచీ ఎఫ్ఎస్ఐకి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్కకు, పరిమితి లేదు. రోడ్డు వెడల్పుండి, చుట్టూ వదలాల్సింది వదిలితే ఎంతైనా లేపొచ్చు. ఆకాశానికి హద్దురాళ్ళు పాతలేదు గదా అన్నాడు. వాదనలో తప్పేమీ కనపడలేదు, అదే నన్ను భయపెట్టింది.

ధైర్యం కోసం పెద్ద ఊళ్ళ సంగతులు చూశాను. ముంబైలో వరల్డ్ వన్ టవర్ 442 మీటర్లనుకుని మొదలుపెట్టి, విమానాల వాళ్ళ అనుమతి కుదరక 280 దగ్గర ఆపారు. లడ్డూ చుడదామని కూర్చుని బూందీతో సరిపెట్టుకున్నట్టు. న్యూయార్కులో 432 పార్క్ అవెన్యూ అని 426 మీటర్ల ఇళ్ళ టవరుంది, అగరుబత్తీ గుచ్చినట్టుంటుంది. గాలికి మరీ ఊగకుండా మధ్యమధ్యలో కొన్ని అంతస్తులు గోడల్లేకుండా వదిలేశారు. అంటే ప్రపంచంలోనే ఖరీదైన జాగాలో గాలిని అద్దె లేకుండా ఉండనిచ్చారన్నమాట. అయినా అది ఊరుకోలేదు. నీళ్ళు కారుతున్నాయి, లిఫ్టులు ఆగిపోతున్నాయి, గోడలు కిర్రుమంటున్నాయి అని 2021లో అక్కడి ఓనర్లే కోర్టుకెక్కారు. మా రేకుల గదిలో అద్దెకున్న కుర్రాడివీ ఇవే కంప్లైంట్లు, లిఫ్టు తప్ప. వాడు మాత్రం 5 వేలే ఇస్తాడు.

మా వాడు వీటికి జంకలేదు. రెరా చట్టముంది బావా, అన్నాడు. నిజమే. కట్టడంలో లోపముంటే, ఇల్లు చేతికిచ్చినప్పట్నుంచీ ఐదేళ్ళలోపు చెబితే బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. ఐదేళ్ళు. మన శ్రీకాళహస్తి రాజగోపురం కృష్ణదేవరాయలు 1516లో కట్టించాడు, 2010 మే నెలలో కూలింది. ఏడంతస్తులు, 494 ఏళ్ళు. రాయలు ఏ వారంటీ కార్డూ ఇవ్వలేదు గాబట్టి ఎవరూ ఎవర్నీ పట్టుకోలేకపోయారు, కొత్తది కట్టుకుని 2017లో కుంభాభిషేకం చేసుకున్నారు. ఈ విషయం చెబితే మా వాడు, అందులో ఎవరూ కాపురముండరు కదా బావా, అన్నాడు. పాయింటే.

ఇల్లు చేతికొచ్చేది 2029 డిసెంబరుకట, దాని మీద ఆరు నెలలు గ్రేస్. అప్పటిదాకా మేనల్లుడు గద్ద ఉంటున్న ఇంటికి వడ్డీ, తానుంటున్న ఇంటికి అద్దె కడతాడు. వాడేమీ అనడు, మంచి పిల్లోడు. రాత్రి పన్నెండింటికి లాప్‌టాప్ మూసి, బిల్డరు యాప్‌లో డ్రోన్ వీడియో చూసుకుని పడుకుంటాడు. ఏడో స్లాబు పడిందని తెల్లారి మాకు చెప్పాడు. మామ కాఫీ తాగుతూ, ఇంగ ముప్పై ఆరు, అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా వాడు కూడా మాతో బయల్దేరాడు. టికెట్లు ఆలస్యంగా చేయడం వల్ల ముగ్గురివీ పై బెర్తులే వచ్చాయి. మామకు ఎవరో కాలేజీ పాప తన కింది బెర్తు ఇచ్చి పైకెక్కింది. మా వాడు నిచ్చెన కమ్మీ మీద ఒక కాలు పెట్టి, తీసి, మోకాలు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ పైన కూపేల వెంబడి ఒక్కొక్కర్నీ అడుక్కుంటూ పోయాడు.

"అన్నా, నీది కింది బెర్తా? మోకాళ్ళ నొప్పన్నా, పైకెక్కలేను. కావాలంటే ఏమన్నా ఎక్స్‌ట్రా ఇస్తా."