కండల్లోనూ పెద్దమనుషులు

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దున్నే వాకింగ్‌కొచ్చే పెద్దలకు కొత్త సాకు దొరికింది. నాలుగడుగులకే ఆయాసమొస్తే ఇదివరకు షుగర్ మీదికి నెట్టేవారు. ఇప్పుడు బెంచీ మీద కూలబడి, "మాది ఫాస్ట్ ట్విచ్ బాడీ సార్, లాంగ్ పడదు" అంటున్నారు. కానిస్టేబుల్ కొలువు కోసం 1600 మీటర్లు ఉరికే పిల్లలకు పాపం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. డిగ్రీలు చదివి కూడా ఉరుకుతూనే ఉన్నారు.

పెద్దల మాటలో సైన్సు లేకపోలేదు. కండల్లో పోగులు ముఖ్యంగా రెండు తీర్లు. నెమ్మదిగా ముడుచుకునేవి ఎర్రవి. ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ వాటిలో దండిగా ఉంటుంది, గంటల తరబడి అలవవు. వేగంగా ముడుచుకునేవి, అంటే పెద్దలు చెప్పే ఫాస్ట్ ట్విచ్‌వి, తెల్లవి. చక్కెరను గబగబా కరిగించి, ఒక్క ఊపు ఊపి చేతులెత్తేస్తాయి. అనుమానముంటే ఆదివారం చికెన్ సెంటర్‌లో చూడండి: పొద్దంతా నిలబడే కోడి కాలు ఎరుపు, ఎప్పుడో ఓసారి రెక్క కొట్టే రొమ్ము తెలుపు. (ఫారం కోడి ఆ ఒక్కసారీ కొట్టదనుకోండి.) అందుకే వంద మీటర్ల వీరుల తొడల్లో తెల్లవి ఎక్కువ, మారథాన్ వాళ్లలో ఎర్రవి ఎక్కువ.

అసలు ముచ్చట వేరే ఉంది. ఏ పనికైనా నాడులు ముందుగా కబురు పెట్టేది చిన్నవైన నెమ్మది పోగులకే. నిలబడాలన్నా, నడవాలన్నా, ఆఖరికి పేకాటలో నడుము వాలకుండా కూర్చోవాలన్నా అవే. బరువు మీదపడి అవి చాలనప్పుడే పెద్దవైన వేగపు పోగులు దిగుతాయి, కాసేపు మెరిసి తప్పుకుంటాయి. అచ్చం మన ఊరి పద్ధతే: మట్టి తవ్వడానికి కూలోళ్లు, రిబ్బన్ కత్తిరించడానికి పెద్దమనుషులు.

ఈ లెక్కన ఎర్రపోగుల గని పాలమూరు. గుంపు మేస్త్రి అడ్వాన్సు చేతిలో పెట్టి లారీ ఎక్కిస్తే, ఏ రాష్ట్రపు ప్రాజెక్టు కట్ట మీదైనా పొద్దుగూకే దాకా తట్ట మోసే కాళ్లవి. 1955లో పునాదిరాయి పడి 1967లో కాలువలకు నీళ్లొదిలిన నాగార్జునసాగర్ రాతికట్టడం. ఆ రాళ్లను పైకెక్కించిన కూలీల పిక్కల్లో సూది గుచ్చి పోగులు లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ సూది ఆటగాళ్ల తొడలకే ప్రత్యేకం.

ఇప్పుడు సూది కూడా అక్కర్లేదట. పిల్లాడి ఉమ్మి పంపితే ఏసీటీఎన్3 అనే జన్యువు చూసి ఏ ఆటకు పనికొస్తాడో చెప్తారట. లోకంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనే ఉండదు. వాళ్లూ బస్సు వెనక ఉరుకుతూనే ఉన్నారు. ఆ ఒక్క జన్యువుతో ఆట తేలదు, సాధనతో తెల్లపోగుల ఓపిక కూడా కొంత పెరుగుతుంది. ఇవన్నీ కాలనీ తండ్రులకెందుకు? వాళ్లకు కావలసింది ఫ్రేమ్ కట్టించుకునే రిపోర్టు.

కనుక క్రీడాశాఖ వారికి విన్నపం. వచ్చే పోటీల్లో తట్టమోత చేర్చాలి. నెత్తిన తడి కాంక్రీటు, కాళ్లకింద ఊగే బల్లచెక్క, మూడో అంతస్తు. స్టాప్‌వాచ్ వద్దు, పొద్దుగూకితే ఆట ముగిసినట్టే. బంగారు పతకం లేకున్నా ఫర్వాలేదు, మేస్త్రి పట్టుకున్న కూలి లెక్కగట్టి ఇప్పిస్తే చాలు. ముఖ్య అతిథి ప్రసంగం మాత్రం చివర్లో పెట్టండి. తట్ట దించేదాకా చప్పట్లు కొట్టడానికి కూలోళ్లకు చేతులు ఖాళీ ఉండవు.