ఐఆర్‌సీలో ఎవరూ పలకట్లేదని వెళ్ళిపోకండి

"అన్నా, ఓపెన్ సోర్స్‌లో పని చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఇంజనీరింగ్ చదివే పిల్లలు తరచూ అడుగుతుంటారు. ఓపెన్ సోర్స్ అంటే అందరికీ తెరిచి ఉండే కోడ్, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పడం తేలికే. ఆ కోడ్ రాసేవాళ్ళు ఐఆర్‌సీలో (ఇంటర్నెట్ రిలే చాట్, ఒట్టి అక్షరాలతో నడిచే పాతకాలపు చాట్) మాట్లాడుకుంటారు, వెళ్ళి పలకరించు అంటే మాత్రం మర్నాడే తిరిగొస్తారు. "అన్నా, ఐఆర్‌సీ ఎప్పుడో చచ్చిపోయింది. హలో అని కొట్టా, ఒక్కరూ పలకలేదు."

ఈ మాట విన్నప్పుడల్లా కోపం వస్తుంది. పిల్లల మీద కాదు. ఐఆర్‌సీ నేర్పిస్తామంటూ పది కమాండ్ల పట్టిక చేతిలో పెట్టి, అసలు విషయం చెప్పకుండా పంపేసే ట్యుటోరియళ్ళ మీద. కమాండ్లు అరగంటలో వచ్చేస్తాయి. అక్కడ ఎలా ఆగాలో, ఎలా అడగాలో ఎవరూ చెప్పరు. కొత్తవాళ్ళు వెనక్కొచ్చేది అక్కడే.

ఒక మామూలు రాత్రి ఛానెల్లో, అంటే ఐఆర్‌సీలోని ఒక చాట్ గదిలో, ఏం జరుగుతుందో చూడండి. 9:42కి ఓ కొత్త పేరు లోపలికొస్తుంది. వెంటనే "హలో సర్". ఒక నిమిషం ఆగి "ఎవరైనా ఉన్నారా?" ఇంకో నిమిషానికి "నాకో డౌట్ ఉంది సర్, అడగొచ్చా?" 9:47కి ఆ పేరు మాయం. 10:05కి ఎవరో తీరుబడిగా స్క్రీన్ చూసి రాస్తారు: "అడుగు, ఏంటి సమస్య?" అడిగినవాడు లేడు. మామూలు ఐఆర్‌సీ సర్వర్లు పాత మాటలు దాచిపెట్టవు కాబట్టి, మళ్ళీ వచ్చినా ఆ జవాబు వాడికి కనబడదు. అరగంటలోపే సాయం వచ్చింది. వాడు మాత్రం జీవితాంతం ఐఆర్‌సీలో ఎవరూ లేరనే చెబుతాడు.

ఛానెల్లో కుడిపక్కన వందల పేర్లు కనబడతాయి. వాళ్ళంతా ఆ క్షణంలో స్క్రీన్ ముందు కూర్చుని లేరు. చాలామంది బౌన్సర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని ఏదో సర్వర్ మీద నడుపుతుంటారు. వాళ్ళు నిద్రపోతున్నా అది ఛానెల్లోనే ఉండి, వచ్చిన ప్రతి మాటా దాచిపెడుతుంది. ఆఫీసు పనిలో ఉంటారు, పిల్లల్ని బడినుంచి తీసుకొస్తుంటారు, ఖాళీ దొరికినప్పుడు తొంగి చూస్తారు. ఇది కస్టమర్ కేర్ కాదు, జీతం తీసుకుని కూర్చున్నవాళ్ళు కాదు. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు మన కోసం తమ సొంత సమయం ఇస్తున్నారు. కాబట్టి ప్రశ్న పెట్టి, కిటికీ మూసేయకుండా మీ పని మీరు చేసుకోండి. కొన్ని గంటలైనా సరే ఉండండి. టైమూ చూసుకోండి. మన రాత్రి 9:30 అంటే చలికాలంలో బెర్లిన్‌లో సాయంత్రం 5, న్యూయార్క్‌లో పొద్దున 11. రెండు వైపుల జనమూ మేలుకునుండే వేళ అదే. మన పొద్దున 10కి వెళ్ళి అడిగితే బెర్లిన్‌లో ఇంకా తెల్లారదు, న్యూయార్క్‌లో రాత్రి పదకొండున్నర.

ఇక అడగడం. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ "అడగొచ్చా?" అని అడిగితే ఇక్కడ పెట్టరు. ఆ ముక్కకి జవాబివ్వాలంటే అవతలివాళ్ళు తర్వాత వచ్చే ప్రశ్నకి కూడా బాధ్యత నెత్తిన వేసుకోవాలి, ఆ ప్రశ్నేమిటో ఇంకా తెలీదు. అందుకే ఊరుకుంటారు. మొదటి వాక్యంలోనే మొత్తం పెట్టేయండి. "వైఫై పనిచేయట్లేదు హెల్ప్ చేయండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "డెబియన్ 12 లైనక్స్, ఇంటెల్ వైఫై కార్డు. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచాక వైఫై నెట్‌వర్కులు కనబడట్లేదు, రీబూట్ చేస్తే వస్తున్నాయి. లాగ్ ఈ లింకులో పెట్టాను" అని రాసి చూడండి. తెలిసినవాడు అది చదివి ఊరుకోలేడు, వేళ్ళు వాటంతటవే కదులుతాయి. లాగ్‌ని, అంటే కంప్యూటర్ రాసుకున్న చిట్టాని, మాత్రం నేరుగా ఛానెల్లో కుమ్మరించకండి. నలభై లైన్లు ఒకేసారి పడితే సర్వరే మిమ్మల్ని బయటికి తోసేస్తుంది. పేస్ట్‌బిన్ లాంటి, పొడుగు రాతలు పెట్టుకునే సైట్లో పెట్టి లింకు ఇవ్వాలి. సమస్య మీ అంతట మీకే తీరిపోతే, ఎలా తీరిందో ఒక ముక్క రాసి వెళ్ళండి. అదే సమస్యతో తల పట్టుకున్న ఇంకొకరు అక్కడ ఉండొచ్చు.

ఇంకోటి, ఆ "సర్" మానేయండి. మనకి పెద్దవాళ్ళని పేరుతో పిలవడం ఇబ్బందే, బళ్ళో అలా పెంచారు. కానీ జవాబిచ్చేది ఓ పంతొమ్మిదేళ్ళ అమ్మాయి కావచ్చు, లైనక్స్ కెర్నెల్లో ఇరవయ్యేళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన కావచ్చు. అక్కడ అందరికీ ఉండేది ఒక్క నిక్, అంటే ఎవరికి వారు పెట్టుకున్న పేరు, మాత్రమే. ఆ నిక్ రాసి, కోలన్ పెట్టి మాట్లాడితే చాలు. మర్యాద అంటే అక్కడ సరిగ్గా రాసిన ప్రశ్న, చివర్లో ఒక థాంక్స్.

ఇప్పుడు ఎలా ఎక్కాలో చెబుతాను. కమాండ్లు ఇక్కడ పలికేట్టుగా తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ముందు ఊరికే చూడాలనుకుంటే ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, లిబెరా చాట్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్కుకి బ్రౌజర్లోనే తెరుచుకునే పేజీ ఉంది. ఒక నిక్ ఇచ్చి లోపలికి వెళ్ళిపోవచ్చు. ఫోన్ నంబరు అడగరు, ఓటీపీ లేదు, పుట్టినతేదీ అక్కర్లేదు. నచ్చాక క్లయింట్, అంటే ఐఆర్‌సీకి కలిపే ప్రోగ్రామ్, పెట్టుకోండి. టెర్మినల్ అలవాటుంటే వీచాట్ లేదా ఇర్సీ, లేకపోతే కాన్వర్సేషన్ లాంటి, కిటికీలు బటన్లు ఉండే బొమ్మల క్లయింటు. పాత వ్యాసాలన్నీ హెక్స్‌చాట్ పెట్టుకోమంటాయి. దాని చివరి వెర్షన్ 2024లో వచ్చింది, ఇక ముందు పని జరగదని రాసేవాళ్ళే చెప్పారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పను. పోర్టు 6697 పెట్టండి, టీఎల్ఎస్ అనే గుప్తీకరణ ఆన్ చేయండి. 6667 అని ఉంటే అది గుప్తీకరణ లేని పాత దారి.

నిక్ నమోదు చేసుకోవడం మర్చిపోవద్దు. కొన్ని ఛానెళ్ళు నమోదు కాని పేర్లని లోపలికే రానివ్వవు. నిక్‌సర్వ్ అనే సేవకి స్లాష్ ఎంఎస్‌జీతో రిజిస్టర్ అని, పాస్‌వర్డ్, ఈమెయిల్ పంపితే, మెయిల్‌కి ధృవీకరణ వస్తుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, ట్యుటోరియళ్ళలో పెద్దక్షరాలతో రాయాల్సింది. స్లాష్‌కి ముందు పొరపాటున ఒక్క ఖాళీ పడినా, అది కమాండ్ కాకుండా మామూలు మాటగా మారి, మీ పాస్‌వర్డ్ ఛానెల్లో ఉన్నవాళ్ళందరికీ కనబడుతుంది. అందుకే ఆ పని ఏ ఛానెల్లోనూ కాదు, సర్వర్ కిటికీలో ఉండి చేయండి. ఆ తర్వాత క్లయింట్ సెట్టింగుల్లో, ఎక్కేటప్పుడే పాస్‌వర్డ్ తనే పంపే సాస్ల్ పెట్టేసుకుంటే ప్రతిసారీ చేత్తో కొట్టే అవసరమే ఉండదు.

అమ్మాయిలకి ముఖ్యంగా చెబుతున్నాను, నిజానికి అందరికీ వర్తిస్తుంది. లిబెరాలో ఏమీ చేయకుండా ఎక్కితే మీ ఐపీ చిరునామా మీ పేరు పక్కన అందరికీ కనబడుతుంది. నిక్ నమోదయ్యాక '#లిబెరా-క్లోక్' ఛానెల్‌కి వెళ్ళి '!క్లోక్‌మీ' అని ముందు ఆశ్చర్యార్థకంతో కొడితే దాని మీద ముసుగు వేస్తారు. సాస్ల్ ఉంటే ఛానెళ్ళలోకి వెళ్ళకముందే ఆ ముసుగు పడుతుంది. ఎవడైనా ప్రైవేటుగా వెధవ్వేషాలు వేస్తే స్లాష్ ఇగ్నోర్ వాడండి, ఛానెల్ ఆపరేటర్‌కి చెప్పండి. సంకోచించాల్సిన పని లేదు, వాళ్ళున్నది అందుకే.

"అన్నా, ఇంత తిప్పలెందుకు, డిస్కార్డ్ ఉందిగా" అంటారు. ఉంది. కానీ 2021లో ఏం జరిగిందో ఒకసారి చూడండి. ఓపెన్ సోర్స్ ప్రపంచానికి అప్పట్లో పెద్ద ఐఆర్‌సీ నెట్‌వర్కు ఫ్రీనోడ్. దాని మీద ఎవరికి అధికారం అన్న గొడవ ముదిరి, దాన్ని నడిపే వలంటీర్లు మూకుమ్మడిగా రాజీనామా చేసి మే 19న లిబెరా చాట్ మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే, టాపిక్‌లో, అంటే ఛానెల్ పైన కనబడే లైనులో, లిబెరా పేరు పెట్టుకున్న వందల ఛానెళ్ళని ఫ్రీనోడ్ తన చేతిలోకి లాక్కుంది. ఫలితం? వికీమీడియా, జెంటూ, ఉబుంటు, ఇంకా ఎన్నో ప్రాజెక్టులు వారాల్లో సామాను సర్దుకుని వెళ్ళిపోయాయి. వాడుకరి చేయాల్సిందల్లా క్లయింట్‌లో సర్వర్ చిరునామా మార్చి, నిక్ మళ్ళీ నమోదు చేసుకోవడం. క్లయింటు అదే, కమాండ్లు అవే, మనుషులూ వాళ్ళే. యజమాని తలుపులేస్తే ఊరంతా లేచి పక్క వీధిలో కాపురం పెట్టగలిగింది. కంపెనీ చేతిలో ఉన్న చాట్‌తో ఆ పని అవుతుందా? 2018 మేలో ఆఫీసు చాట్ కంపెనీ స్లాక్, ఐఆర్‌సీ క్లయింట్లు లోపలికి రావడానికి ఉంచిన గేట్‌వేని మూసేసినప్పుడు, తమకి నచ్చిన క్లయింటుతో అందులోకి వెళ్ళేవాళ్ళు నోరు మూసుకుని స్లాక్ ఆప్ పెట్టుకోవాల్సి వచ్చింది. తేడా అదీ.

ఫిన్లండ్‌లో ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయ్కరినెన్ 1988 ఆగస్టులో ఐఆర్‌సీని రాశాడు. 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1459 అనే బహిరంగ పత్రంగా దాని నియమాలన్నీ అచ్చయ్యాయి. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా సర్వర్ రాయొచ్చు. మన ఇంజనీరింగ్ పిల్లలకి నెట్‌వర్కింగ్ పేపర్లో పొరల పేర్లు బట్టీ పట్టించేకన్నా, ఒక సాకెట్ తెరిచి నిక్, యూజర్, జాయిన్ అని మూడు లైన్లు చేత్తో పంపించి చూపిస్తే ప్రొటోకాల్ అంటే ఏమిటో ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది. ఈ పని చేయించే లెక్చరర్లుంటే వాళ్ళకి నా నమస్కారం.

తెలుగులో రాసుకోవచ్చా అంటే రాసుకోవచ్చు, అన్ని లిపులనీ రాసే యూటీఎఫ్-8 పద్ధతి శుభ్రంగా వెళుతుంది. ఒక్క చిక్కుంది. ఐఆర్‌సీలో ఒక సందేశం మొత్తం 512 బైట్లు దాటకూడదు, అందులోనే పంపినవారి పేరు, ఛానెల్ పేరు కూడా కలుస్తాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడుతుంది. మన ప్రతి అక్షరం, గుణింతం, పొల్లు తలా మూడు బైట్లు తింటాయి. 'స్త్రీ' అని రాస్తే చూడ్డానికి ఒక్క అక్షరమే, లోపల 18 బైట్లు. కాబట్టి ఇంగ్లీషువాడు నాలుగు వందల అక్షరాలు రాసుకునేచోట మనకి అందులో మూడోవంతు దక్కుతుంది. మంచి క్లయింట్లు పొడుగు సందేశాన్ని వాటంతటవే రెండుగా విడగొడతాయి, ఆ సదుపాయం లేనివాటిలో వాక్యం చివర తెగిపోతుంది. టెర్మినల్లో ఒత్తులు విడిపోయి వికారంగా కనబడతాయి, తెలుగు మాట్లాడాలంటే బొమ్మల క్లయింటే నయం. అప్పట్లో ఆ పరిమితి పెట్టినవాళ్ళు మన లిపి సంగతి ఆలోచించి ఉండరు. ఇప్పుడున్నవాళ్ళకి తెలుసు, ఐఆర్‌సీవీ3 పేరుతో ప్రొటోకాల్‌ని మెరుగుపరిచే పని నడుస్తోంది. అక్కడికి వెళ్ళి ఈ బాధ చెప్పగలిగే తెలుగు పిల్లలు కావాలి నాకు.

లోపాలు దాచను. సర్వర్ల మధ్య లింకు తెగితే ఒక్కసారిగా యాభైమంది వెళ్ళిపోయినట్టు కనబడుతుంది. దాన్ని నెట్‌స్ప్లిట్ అంటారు, కంగారు పడకండి, వాళ్ళే తిరిగొస్తారు. ఫోన్లో వాడితే బ్యాటరీ ఆదా పేరుతో ఆండ్రాయిడ్ కనెక్షన్ కోసేస్తుంటుంది, బౌన్సర్ లేకపోతే విసుగొస్తుంది. బొమ్మలు పంపాలంటే లింకే గతి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తన ఐఆర్‌సీ సర్వర్‌ని 2020లో మూసేసి మ్యాట్రిక్స్ అనే ఇంకో చాట్‌కి వెళ్ళింది. వేధింపులని అదుపు చేయడం, కొత్తవాళ్ళని రప్పించడం కష్టమవుతోందన్నది వాళ్ళ వాదన. అందులో న్యాయముంది. మీరు పనిచేయాలనుకున్న ప్రాజెక్టు ఎక్కడుందో అక్కడికే వెళ్ళండి. కానీ డెబియన్, ఆర్చ్, పైథాన్ జనం ఇప్పటికీ ఐఆర్‌సీలో ఉన్నారు. వాళ్ళు ఉన్నంతకాలం 'చచ్చిపోయింది' అనకండి.

మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. బెంగాల్లోని దుర్గాపూర్ లైనక్స్ యూజర్స్ గ్రూప్ 2008 నుంచి వేసవి శిక్షణ ఐఆర్‌సీలో నడిపింది. వీడియో లేదు, ఆడియో లేదు, ఒట్టి అక్షరాలు. నెట్ నత్తనడక నడిచే ఊళ్ళో ఉన్నా క్లాసు తప్పిపోదు. క్లాసు నడుస్తుండగా సందేహం వస్తే నేరుగా అడగకూడదు, ఒక ఆశ్చర్యార్థకం కొట్టి, పిలిచేదాకా ఆగాలి. వందమంది ఉన్న గదిలో గోల లేకుండా పాఠం సాగడానికి ఆ ఒక్క గుర్తు చాలు. మన హైదరాబాదు, విజయవాడ, విశాఖ కాలేజీల్లో లైనక్స్ క్లబ్బులు నడిపే పిల్లలు ఈ పద్ధతి పెట్టుకుంటే ఒక్క రూపాయి ఖర్చవదు.

ఆ ఛానెళ్ళలో ఏళ్ళ తరబడి కూర్చునున్న మన తెలుగువాళ్ళు హైదరాబాదు నుంచి డల్లాస్ దాకా చాలామందే ఉన్నారు. మీతో కూడా ఒక మాట. కొత్తవాడు "హలో సర్" అనగానే "మాన్యువల్ చదువుకో" అని ముఖం మీద కొట్టకండి. "ప్రశ్న మొత్తం రాసి ఉండు, ఎవరో ఒకరు చూస్తారు" అని ఒక్క లైను రాయండి. మీ క్లయింట్‌లో దాన్ని ఒక షార్ట్‌కట్‌గా పెట్టుకోవచ్చు, మీకు పట్టేది రెండు సెకన్లు. ఆ 9:47కి వెళ్ళిపోయేవాడు 10:05 దాకా ఆగుతాడు.