ఖజానా అధికారి, ఆర్లాండో ఇల్లాళ్ళు

ముప్ఫై మూడేళ్ళు ఖజానా శాఖలో పనిచేసి, దొంగ బిల్లును సిరా రంగు చూసే పట్టేస్తాడని పేరు తెచ్చుకున్న నేను, 2014 వేసవిలో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటి సోఫాలో కూర్చుని, ఏడు భాగాల దొంగ బిల్లు ఒకదాన్ని ఒక్క అభ్యంతరమైనా రాయకుండా పాస్ చేశాను.

ఆ బిల్లు పేరు ‘ది హాట్‌వైవ్స్ ఆఫ్ ఆర్లాండో’. జూలై 15న హులూ అనే ఇంటర్నెట్ టీవీలో వచ్చింది. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళిపోయేవారు. మా ఆవిడ ఫోనులో గుంటూరును పరిపాలిస్తూ ఉండేది. నా వంతుకు రిమోటు మిగిలింది. ఆర్లాండో అంటే డిస్నీ వారి బొమ్మల ఊరని తప్ప నాకేమీ తెలియదు. అక్కడి సంపన్న గృహిణులు కొందరు తెర మీదికి వచ్చి, తమను గురించి తలా ఒక గొప్ప వాక్యం చెప్పుకుని, కలిసి భోజనానికి కూర్చుని, సగం భోజనంలో పోట్లాడుకుని, ఆ తరువాత ఒక్కొక్కరే కెమెరా ముందు కూర్చుని, ఇందాక నవ్వుతూ పలకరించిన స్నేహితురాలిని గురించి తమ అసలు అభిప్రాయమేమిటో వివరించేవారు. ఆఫీసులో మేమంతా క్యాంటీనుకు వెళ్ళి చేసే పనిని వీరు దీపాలు పెట్టించుకుని మరీ చేస్తున్నారే అని ముచ్చటపడ్డాను. ఆ కాపురాలు ఏమైపోతాయోనన్న బెంగతో రెండు రాత్రులు నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

సాయంత్రం పార్కులో, నాలాగే పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దలకు ఈ విషయమంతా వివరించి, అమెరికా సంసారాల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు కూడా.

ఆదివారం నాడు అల్లుడు నా వెనుక నిలబడి కాసేపు చూసి, “మామయ్యగారూ, ఆవిడ ఏంజెలా కిన్సీ అండీ. ‘ది ఆఫీస్’ అనే కామెడీలో అకౌంట్స్ సెక్షన్‌లో ఉంటుంది” అన్నాడు. అకౌంట్స్ మనిషిని అకౌంట్స్ మనిషే గుర్తుపట్టలేకపోయాడన్నది ఆ మాటల్లోని అసలు దెబ్బ. అదంతా రాసిపెట్టుకుని నటించిన హాస్యమనీ, డానియెల్ ష్నైడర్, డ్యానా ఫిర్మన్ అనే ఇద్దరు కలిసి దాన్ని సృష్టించారనీ, బ్రావో ఛానెల్‌లో 2006లో ఆరెంజ్ కౌంటీతో మొదలై, న్యూయార్క్, అట్లాంటా, న్యూజెర్సీ, బెవర్లీ హిల్స్ అంటూ ఊరూరికీ పాకిన ‘ది రియల్ హౌస్‌వైవ్స్’ అనే రియాలిటీ షోను వెక్కిరించడానికే అది పుట్టిందనీ అతను ఓపికగా చెప్పాడు. నేను మరింత ఓపికగా విన్నాను. పార్కుకు మాత్రం నాలుగు రోజులు వెళ్ళలేదు.

నష్టం పూడ్చుకోవాలన్న పట్టుదలతో ఉన్న సమయంలో మా అమ్మాయి అసలుదాన్ని, అందులోనూ స్థానికాభిమానంతో న్యూజెర్సీ వారి మొదటి సీజన్‌ను పెట్టింది. 2009 నాటి ఆ సీజన్ చివరి విందులో టెరీసా అనే ఆవిడ కోపం పట్టలేక, గ్లాసులతో సహా బల్లను ఎత్తి పడేసే ఘట్టం ఒకటి ఉంది. ఈసారి మోసపోదలచుకోలేదు కనుక నేను పగలబడి నవ్వాను. “ఎంత బాగా చేసిందమ్మా! బల్ల కొంచెం తేలికది తెప్పించి ఉంటారు” అన్నాను. “నాన్నా, అది నిజంగా జరిగింది” అని, ఆ కార్యక్రమానికి వీరాభిమాని అయిన మా అమ్మాయి ఆ పూట నాతో మాట్లాడలేదు.

తీరిగ్గా ఆలోచిస్తే తప్పెక్కడ జరిగిందో తెలిసింది. నిజమైన బిల్లులో ఎప్పుడూ కొట్టివేతలుంటాయి, ఒక సంతకం తక్కువవుతుంది, టీ మరక ఉంటుంది; దొంగ బిల్లు మాత్రం పెళ్ళికూతురిలా ముస్తాబై వస్తుంది. నిజమైన పోట్లాటలో నలుగురూ ఒక్కసారే అరుస్తారు. నటించే పోట్లాటలో మాత్రం ఒకరి మాట పూర్తయ్యేదాకా మరొకరు ఆగుతారు. ఈ సూత్రాన్ని మనసులో గట్టిగా రాసుకున్నాను. రాసుకోకుండా ఉంటే బాగుండేది.

ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. మా అమ్మాయి పేరంటం పెట్టుకుంది. తెలుగు సంఘం దీపావళి వేడుకలకు ఆడవాళ్ళంతా కలిసి ఇటువంటి షోల మీదే ఒక స్కిట్ వేస్తున్నారనీ, భోజనాలయ్యాక రిహార్సల్ ఉంటుందనీ ముందే చెప్పింది. మగవాళ్ళను బేస్‌మెంట్‌కు పంపేశారు. మజ్జిగ కోసం నేను పైకి వచ్చేసరికి, పట్టుచీరల నడుమ ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. పూజ వీడియో తీస్తున్న అమ్మాయి ఫోను వాళ్ళ వైపే ఉంది.

“కాసులపేరు ఎంత బాగుంది వదినా, వన్ గ్రామ్ గోల్డ్ అంటే ఎవ్వరూ నమ్మరు” అంది ఒకావిడ, ఎంతో తియ్యగా.

రెండో ఆవిడ ఆ మాట పూర్తయ్యేదాకా ఆగి, పులిహోర పళ్ళెం పక్కన పెట్టి, చెంగు సర్దుకుని, “మా అత్తగారు పెట్టిన నగ వదినా. మీ ఇంట్లో అలాంటి అలవాటు లేదు కదా, మీకెలా తెలుస్తుందిలే” అంది, అంతకంటే తియ్యగా.

కొట్టివేత లేదు, మరక లేదు. నేను మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాను. “భేష్! ఈ పళ్ళెం పెట్టిన అమ్మాయి చాలా సహజంగా చేస్తోంది. మొదటి అమ్మాయీ, నువ్వు ఇంకొంచెం అసూయ కలపాలి తల్లీ” అన్నాను.

గదిలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసిన చూపును మా పెళ్ళయ్యాక రెండోసారి చూశాను. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ ఇప్పుడు ఒక్క పక్షమై నా వైపు తిరిగారు. కాసులపేరు ఆవిడ రెండడుగులు ముందుకు వేసి, మెడలోని గొలుసును వేలితో ఎత్తి నా కళ్ళద్దాల ముందు పట్టుకుని, “అంకుల్, మీరు ముప్ఫై మూడేళ్ళు ట్రెజరీలో చేశారటగా. అందరి ముందూ చెప్పండి, ఇది అసలుదా, నకిలీదా?” అంది.

“నేను రిటైరయ్యానమ్మా” అన్నాను.