పెరటి పనస, అద్దె రంపం

ఉద్దానంలో తుపాను వెళ్లాక ఇంటాయన మొదటి రోజు ఏడుస్తాడు, రెండో రోజు లెక్కలేస్తాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటిది వస్తే కొబ్బరీ జీడీ పనసా తేడా లేకుండా పడతాయి. కొబ్బరి పడితే ఏడుపే. పనస పడితే మాత్రం ఎక్కడో ఆశ పుడుతుంది. పసుపుపచ్చటి చేవ, చెదను బాగానే తట్టుకునే కలప. అదే అదనుగా కొడుకు ఫోను తెచ్చి, ఏదో మంచు దేశంలో దుంగలు కోసుకుని ఇల్లు కట్టుకుంటున్న మనిషిని చూపిస్తాడు. "నాన్నా, తోటలో మనమూ కర్ర గది కట్టేద్దాం. పలకలు మనమే కోసేద్దాం."

కోత మిల్లు ఉండగా ఈ తిప్పలెందుకంటే, మిల్లాయనకు పెరటి చెట్టు పేరెత్తితేనే ముఖం మాడుతుంది. బట్టల తాడు మేకు, గేదెను కట్టిన కొక్కెం, దిష్టిబొమ్మ మేకు, ఎన్నికలకు కొట్టిన బోర్డు మేకు, అన్నీ ఆ మానులోనే ఉంటాయి. చెట్టు పెరిగితే మేకూ పైకి పోతుందని చాలామంది నమ్మకం. పోదు. చెట్టు పొడుగయ్యేది కొసల దగ్గర, మొదలు లావవుతుందంతే. నాలుగడుగుల ఎత్తున కొట్టిన మేకు అదే ఎత్తున ఉండి, ఏటికేడాది లోపలికి మునుగుతుంది. అంటే మంచి కలపంతా ఎక్కడుందో మేకులూ అక్కడే. కోసిన చోట నల్లటి మరక కనిపిస్తే ఇనుము దగ్గర్లో ఉందనుకుని ఆగాలి.

తర్వాత అద్దె రంపం, అంటే ఇంజనుతో తిరిగే చైను రంపం. చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీని బార్ అంటారు. దుంగ చుట్టూ టేపు పెడితే 5 అడుగులు. "పద్దెనిమిది అంగుళాల బార్ ఉంది, సరిపోద్దిలే" అంటాడు పక్కింటి బావ. అరవైని 3.14తో భాగిస్తే దుంగ అడ్డం 19 అంగుళాలు. పైగా పలకలు ఒకే మందంలో వచ్చేలా రంపాన్ని పట్టి నడిపే చట్రంలో బిగిస్తే బార్‌లో మూడంగుళాల దాకా చట్రమే మింగేస్తుంది. 24 అంగుళాల బార్, దాన్ని లాగే 70 సీసీ ఇంజను ఉండాలి. చైను కూడా వేరు. అడ్డకోత చైను పళ్లకు 30 డిగ్రీల వాలు, నిలువు కోతకు 10 డిగ్రీలు చాలు. ఈడ్చుకొచ్చిన దుంగ బెరడులో ఉద్దానం ఇసుకంతా ఉంటుంది, ఒలవకుండా కోస్తే చైను అక్కడికక్కడే మొద్దుబారుతుంది. తునకలు మానేసి మెత్తటి పొడి రాలుతోందంటే ఆకురాయి తీయాలి.

అసలు ప్రహసనం మొదటి కోత దగ్గర. దుంగ గుండ్రం, చట్రం నడవాలంటే చదును కావాలి. అందుకని మొదటిసారి దుంగ మీద నిచ్చెన పరిచి, దాని మీద చట్రాన్ని తోస్తారు. అల్యూమినియం నిచ్చెనైతే సరే. ఇంట్లో ఉన్నది వెదురుది. "నిచ్చెనే గదేటి, ఏదైతేనేటి బావా?" కణుపు కణుపుకూ చట్రం లేస్తుంది, దాటాక దిగుతుంది, కోత అలలు పోతుంది. రెండో కోతకు నిచ్చెన ఉండదు, అప్పుడే కోసిన ముఖం మీదే చట్రం నడుస్తుంది. మొదటిదెలా ఉంటే రెండోదలాగే, మూడోదీ అలాగే, తాత ముక్కు వంకర మునిమనవడి దాకా దిగినట్టు. విచిత్రం ఏమిటంటే, మందం ఎక్కడ కొలిచినా సరిగ్గా అంగుళమే. పేరిస్తే ఒకదాంట్లో ఒకటి ఒద్దికగా కూర్చుంటాయి కూడా. ఎనిమిదో పలక దాకా అందరూ సంతోషంగానే ఉంటారు. ఒక్క పలకను అరుగు మీద పెట్టి ఓ మూల తొక్కితే అవతలి మూల లేచి బావ మోకాలికి తగులుతుంది.

మొదటి కోతకు ముందే, నిచ్చెన మెలి తిరిగిందేమో చూడ్డానికి, దాని రెండు కొసల్లో అడ్డంగా రెండు తిన్నటి బద్దలు పెట్టి, వంగి, ఒక కన్ను మూసి ఇవతలి బద్ద అంచు మీదుగా అవతలిది చూడాలి. అంచులు కలిస్తే మెలి లేదు. కలవకపోతే కింద చెక్కముక్క దూర్చి స్క్రూ బిగించాలి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలే టీకి పోతాయి. స్క్రూ మొన కోత గీత దాకా దిగకూడదు. పొద్దంతా పాత మేకులు ఏరి, మధ్యాహ్నం సొంత స్క్రూకే చైను కొట్టే మహానుభావులున్నారు.

చైను ఒక్కో కోతకు 8 మిల్లీమీటర్లు పొట్టు చేస్తుంది. అంగుళం పలకలు మూడు కోస్తే నాలుగోది నేలపాలు. బ్యాండ్ రంపమైతే రెండు మూడు మిల్లీమీటర్లే. పనస పొట్టుకి రంగు కూడా ఉంది, బౌద్ధ భిక్షువులు దీన్ని ఉడకబెట్టే బట్టలకు రంగు వేసుకునేవారు. తెల్ల పంచెతో కోతకు దిగిన ఇంటాయనకు చెమట పట్టాక ఆ దీక్ష ఉచితం.

ఇక ఆరబెట్టడం. కొసలకు వెంటనే పెయింటు పూయాలి, తేమ అక్కడినుంచే గబగబా పోయి బీటలిస్తుంది. నీడలో, అడుగున్నరకో అంగుళం పుల్ల చొప్పున, పై పుల్ల కింది పుల్ల ఒకే వరసలో పెట్టి పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది. ఆ ఏడాదిలో ఏదో ఒక రోజు పుల్లలు నీళ్లకాగు కిందికి పోతాయి, పలకలు కొత్త వంకరలు నేర్చుకుంటాయి.

అప్పుడు మేస్త్రీని పిలుస్తారు. పదడుగుల పలక నడుమ ఒకటిన్నర అంగుళం వంగిందనుకుందాం. మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క వంపు అరంగుళం కాదు, తొమ్మిదో వంతుకి, అంటే అంగుళంలో ఆరో వంతుకి పడిపోతుంది. అది చిత్రికతో పోతుంది. మెలి అంత సులువుగా లొంగదు, ముక్కకు మూడో వంతు మిగులుతుంది. ఇంకా పొట్టి చేయాలి. మేస్త్రీ పలకలన్నీ తిరగేసి, పెన్సిలు చెవిలో పెట్టుకుంటాడు.

"గది ఒగ్గేయండి బాబూ. నలభయ్యెనిమిది పీటలొత్తాయి. గృహప్రవేశానికి బంతి ఎయ్యొచ్చు."